మా వదిన వేసిన రెండో పీట

మా వదిన మాణెమ్మ పరమపదించిందన్న వార్త నాకు కమల నోట తెలిసింది. రాయికోడ్‌లో మా అత్తవారింట పొద్దున పూజకు కూర్చోబోతుండగా ఫోన్ మోగింది. "పద్మక్కా, వదిన పోయింది. దవాఖానకు తీస్కపోయేలోపే పోయింది" అని బావురుమంది. దీపం వెలిగించకుండానే పూజ వదిలేశాను. మరుక్షణమే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఈ మాట చెప్పడానికి కూడా ఆమేనా అని నా కడుపు మండింది. ఆ ఇంటి ఆడబిడ్డను నేను. నాకంటే ముందు ఆమెకు తెలిసింది.

కమల ఎవరో చెప్పాలి. నేపాల్ నుంచి వచ్చింది. ఆమె భర్త గణేశ్ చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద ఒక దాబాలో వంటవాడు. అది మూతపడ్డాక భార్యను, చంటిబిడ్డను వెంటబెట్టుకుని జహీరాబాద్ చేరాడు. అద్దెకు గది అడిగితే "ఎక్కడోళ్ళో ఏమో" అని తలుపులు వేసుకున్నవాళ్ళే అందరూ. ఆ ఊళ్ళోనే మా అన్నావదినల ఇల్లూ పిండిగిర్నీ. వాన వెలిసేదాకా గిర్ని అరుగు మీద నిలబడతామని అడిగిన ఆ కుటుంబానికి మా వదిన వెనక గది తాళం తీసి ఇచ్చింది. అది నేను పుట్టింటికి వచ్చినప్పుడు పడుకునే గది. నన్ను ఒక్క మాట అడగలేదు.

మా వదిన కరుణామయి అని నలుగురూ ఇప్పుడంటున్నారు. నిజమే. తల్లిలేని నన్ను పెంచి, చదివించి, తెలుగు పంతులమ్మను చేసిన ఔదార్యమూర్తి ఆమె. సంతానం లేని ఆ దంపతులకు బిడ్డనైనా ఆడబిడ్డనైనా నేనే. అయితే ఆమె కరుణ మెత్తనిది కాదు, మహా మొండిది. దాని రుచి నాకు తెలిసినంతగా ఈ పొగిడేవాళ్ళకు తెలియదు.

కమలకు జొన్నరొట్టె చేయడం నేర్పింది. చిన్నప్పుడు నాకూ నేర్పబోయింది. నా రొట్టె పెనం మీదికి చేరేలోపే అంచులు చీలేది. "నీకు పుస్తకాలున్నయి తియ్" అని నవ్వి నన్ను లేపేసేది. అదే పిండి కమల చేతిలో కొద్దిరోజులకే పల్చగా, గుండ్రంగా సాగింది. "చూడు పద్మా, దీని చెయ్యి ఎట్ల తిరుగుతున్నదో!" అని పిలిచి మరీ నాకు చూపించి మురిసింది. చూశాను. చూడక చస్తానా!

రొట్టెలు అమ్ముకుని ఇక్కడే నిలదొక్కుకోవాలని వాళ్ళ ఆశ. కొనే నాథుడు లేడు. ఎదురింటి శారదమ్మ మొహం మీదే అనేసింది: "ఆమె చేతి రొట్టె మేమెట్ల తింటం మాణెమ్మా?" గణేశ్ మళ్ళీ మూటాముల్లె సర్దుకునే ఆలోచనలో పడ్డాడు. వదిన వాదించలేదు. "సరే తియ్" అని ఊరుకుంది. ఆమె ఊరుకుందంటే ఏదో పన్నుతోందని నేనైనా గ్రహించాల్సింది.

ఆ ఏడు నాకు ఒడిబియ్యం పోయాలి. మా వైపు ఆడబిడ్డకు అంతకు మించిన గౌరవం లేదు. పుట్టింటివాళ్ళు పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడి నిండా పోస్తారు. వాడలోని ముత్తైదువలూ తలా ఇన్ని పోస్తారు. ఆ బియ్యం ఆమె తన ఇంట వండి, పోసినవాళ్ళను పిలిచి పెట్టాలి. పిలిచాక పోకపోవడం అశుభం. నేను కొత్త చీర కట్టుకుని వచ్చేసరికి నడింట్లో రెండు పీటలున్నాయి.

"వదినా, రెండోది ఎవరికి?"

"కమలకు. దాని తల్లిగారిల్లు కొండల అవతల ఉన్నది. ఒడిబియ్యానికి యాడికి పోతది?"

"మరి నేను?"

"నీ పీట నీకున్నది గద. కూసో. జర జరుగు."

జరిగాను. వాడ ఆడవాళ్ళు నాకు పోశాక, బియ్యం చేతబట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిండిన ఒడి పక్కన ఖాళీ ఒడిని వదిలిపోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ముందుగా పోసింది శారదమ్మే. కమల ఆ బియ్యాన్ని గిర్ని వెనక గదిలో వండింది, అందరూ పోయి తినక తప్పలేదు. చేతి అన్నం తిన్నాక రొట్టె దగ్గర పేచీ ఏముంటుంది? తర్వాత తమ పెరటి గదులు వాళ్ళకు అద్దెకిచ్చింది కూడా శారదమ్మే. ఇప్పుడు రోజూ సాయంత్రమైతే రొట్టెలకొచ్చినవాళ్ళతో కమల పొయ్యి దగ్గర నిలబడడానికి చోటుండదు. పాప బడికి పోతోంది. నా ఒడిబియ్యం నేను రాయికోడ్‌లో వండుకున్నాను. అన్న, వదిన తప్ప జహీరాబాద్ నుంచి ఎవరూ రాలేదు. పక్కింట్లో విందు తిన్నవాళ్ళు అంత దూరం ఎందుకొస్తారు?

అంతటితో ఆగలేదు. అప్పటిదాకా "అమ్మా" అని పిలిచిన కమల ఆనాటినుంచి "వదినా" అనసాగింది. అది నా పిలుపు. వదినతో పోట్లాడాను.

"కుళ్ళుకుంటున్నవా పద్మా?" అంది.

"కుళ్ళుకుంటున్న" అన్నాను.

"మంచిదే. కుళ్ళుకోని ఆడబిడ్డ ఏం ఆడబిడ్డ?" అని నా నోట్లో ఇంత కొబ్బరి పెట్టింది.

దశదినకర్మకు వచ్చినవాళ్ళు ముందు కమలను పట్టుకుని ఓదార్చారు. "ఏడువకు బిడ్డా" అని ఆమె వీపు నిమిరారు. నేను పక్కనే ఉన్నాను. మా అన్న కూడా మంచినీళ్ళు ఆమెనే అడిగాడు. భోజనాలయ్యాక వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. గిన్నెలు బోర్లిస్తూ, తలెత్తకుండా, అచ్చం మా వదిన యాసలో కమల అంది:

"ఒక మాట చెప్త, తిట్టకు అక్కా. నువ్వొస్తున్నవంటె నాకు మంచిగ అనిపియ్యకపోయేది."

"ఎందుకు?"

"వదినకు ఎప్పుడు చూడు నీ ముచ్చటే. మా పద్మ గిట్ల చదివింది, మా పద్మ గట్ల మాట్లాడ్తది. నేనెంత చేసిన పద్మను కాలేను గద."

అది విని నాకు కలిగిన సంతోషాన్ని దాచను. వెంటనే అనుమానమూ వచ్చింది, నన్ను ఊరడించడానికే అందేమోనని. వదిననే అడిగి తేల్చుకుందామని లేచి, ఆమె ఎప్పుడూ ఉండే గిర్ని వైపు రెండడుగులు వేసి ఆగిపోయాను.

వదినా, అన్నపూర్ణవు నువ్వు. దిక్కులేని వారికి ఇల్లూ వాడా బంధుత్వమూ కల్పించిన పుణ్యశీలవు. నీ పవిత్ర స్మృతికి చేతులెత్తి మొక్కుతున్నాను. కానీ మా ఇద్దరిలో నీకు ఎవరంటే ఎక్కువ ఇష్టమో చెప్పకుండానే వెళ్ళిపోయావు. ఆ మాట చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.