మా నాయనమ్మ కాపలా కాసిన మందు

నా చిన్నప్పుడు, బెజవాడ సత్యనారాయణపురంలో ఉండగా, మా వాళ్ళు నన్ను ఒక్క దెబ్బ కొట్టకుండా ఏడిపించారు. అదీ ప్రేమతోనే. ఏడో తరగతిలో నేను పెద్దమనిషినయ్యాను. వేడుక జరిగినన్నాళ్ళూ వచ్చిన ప్రతి ముత్తయిదువా పసుపు, సున్నిపిండి కలిపి నాకు నలుగు పెట్టింది. అసలే ఎండలు మొదలయ్యాయి, చెమట, దానిమీద ఆ రుద్దుడు. వేడుక ముగిసేసరికి నా బుగ్గలు కందిపోయి, చర్మం పొరలు పొరలుగా లేచింది.

ఈ మొహంతో వీధిలోకి వెళితే దిష్టి తగులుతుంది, తగ్గేదాకా బడి వద్దంది మా నాయనమ్మ. ముందు చూస్తే ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు. ఆవిడ మాటకు మా నాన్న కూడా ఎదురు చెప్పేవాడు కాదు. ఇక ఇంటినిండా వైద్యులే. మైలవరం అత్తయ్య నిమ్మరసం పూసింది. మర్నాటికి తగ్గలేదని పెద్దమ్మ మీగడలో శనగపిండి కలిపి పట్టించింది. మందు మారినప్పుడల్లా మంట, ఆ మంట చూసి ఇంకో మందు. కిటికీలోంచి మా క్లాసు పిల్లలు బడికి వెళుతూ కనబడితే వాళ్ళు మలుపు తిరిగేదాకా చువ్వలు పట్టుకుని చూసేదాన్ని. తగ్గితేగాని బయటికి పంపరు, వీళ్ళు తగ్గనివ్వరు.

పక్కింటి అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఇంట్లోకి తొంగిచూసి, నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగులోకి తిప్పింది. సాయంత్రం చిన్న సీసా తెచ్చి మా నాయనమ్మ చేతికే ఇచ్చింది.

"మామ్మగారూ, ఇది చాలా పవరున్న మందండీ. రెండు పూటలా మంచినీళ్ళతో మొహం కడిగి రాయాలి. ఇంకేది తగిలినా వికటిస్తుంది. పూచీ మీదేనండీ."

అంతే! కలబంద పట్టుకొచ్చిన అత్తయ్యను నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

మొదట్లో ఏ మార్పూ కనబడలేదు. అద్దంలో అదే మొహం. ఈ చెర ఇక వదలదనిపించి అక్క దగ్గర భోరుమన్నాను.

"పిచ్చిదానా, లోపల కొత్త చర్మం వస్తోంది. రోజుకొకటి పూస్తే అది దేనికని అలవాటు పడుతుంది? రోజూ ఇదొక్కటే చెయ్యి. దాని పని దాన్ని చేసుకోనీ," అంది.

మెల్లగా మంట పోయింది. పొరలు లేవడం ఆగింది. ఒకనాటి పొద్దున నాయనమ్మే నా పుస్తకాల సంచీ తెచ్చి భుజాన తగిలించింది. వీధిలో పరిగెత్తానే కాని నడవలేదు.

పరీక్షలయ్యాక, ఆ సీసాలో ఏముందని అక్కను అడిగాను. కాచి చల్లార్చిన నీళ్ళు, కాస్త గ్లిజరిన్ అట. "ఆ మందు నీకు కాదే, మామ్మగారికి," అని నవ్వింది.

ఇప్పుడు నేనూ మామ్మనయ్యాను. మనవరాలి ఒంటిమీద చిన్న పొక్కు కనబడితే చాలు, నా చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి నూరాలని, పూయాలని ప్రాణం కొట్టుకుంటుంది. అప్పుడు ఆ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, దాని పక్కన ఊరికే కూర్చుంటాను. ప్రేమ ఉన్నవాళ్ళకు అంతకన్నా కష్టమైన పని లేదు.