బుధుడు లెక్క తప్పడా?

మా నాయిన చదివింది మూడో తరగతి. అయినా బుధగ్రహం గురించి అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగాడు. అందుకు నేను చేసిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొంభైలలో విరుదునగర్‌లో ఎమ్మెస్సీ చదివేదాన్ని. ఇల్లు కోవిల్‌పట్టిలో. నాయినకు అక్కడి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. పెళ్ళికి ముందు విరుదునగర్‌లోనే గానుగెద్దును తోలాడట. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, అదీ మావాళ్ళ రివాజు. నాయిన మాత్రం నాతో బస్సులోనైనా బజారులోనైనా తెలుగే మాట్లాడేవాడు.

కాలేజీ ఎగ్జిబిషన్‌కు ఆయన కూడా వచ్చాడు. నేను బల్ల మీద బల్బు వెలిగించి, సున్నపు చుక్క పెట్టిన మట్టిబంతిని దాని చుట్టూ తిప్పుతున్నాను. సూర్యుణ్ణి రెండుసార్లు చుట్టేలోగా బుధుడు తన చుట్టూ తాను సరిగ్గా మూడుసార్లు తిరుగుతాడని గొప్పగా చెబుతున్నాను. నాయిన జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు. ఉతికిన చొక్కాలోనూ గంధకం వాసనే.

"పాపా, మా ఎద్దుగూడా లెక్కగానే తిరగతా ఉండె. ఈగ కుడితే తప్పిపోతా ఉండె. బుదున్ని ఎవురన్నా తోస్తే లెక్క తప్పడా? ఎన్నేండ్లు అట్లే తిరగతాడు?"

మా భాష విని స్నేహితురాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. జవాబు తెలియక ఇంకా మండింది. "అప్పురం సొల్రేన్‌ప్పా" అన్నాను, తర్వాత చెబుతానని, తమిళంలో. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని అప్పా అని పిలవడం అదే మొదలు. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, "సరిమ్మా" అని తమిళంలోనే అని పక్కకు తప్పుకున్నాడు.

ఆనాటి నుంచి ఆయన నాతో తిండి గురించి, వాన గురించి, మోకాలినొప్పి గురించి తెలుగే. నా చదువు మాట వస్తే మాత్రం తమిళం. గమనించి కూడా ఊరుకున్నాను. మొండితనంలో ఆయన కూతుర్నే కదా.

రెండువేల సంవత్సరం దాటాక పరిశోధనలో చేరితే తెలిసింది, అక్కడ అందరూ తలలు పట్టుకునేది ఆ ఈగ ప్రశ్న దగ్గరే. బుధుడు పూర్తి గుండ్రం కాదు. ఆ కాస్త సొట్టను సూర్యుడు పట్టుకుని ఉంటాడు. బుధుడి దారి కోలతనం కాస్త పెరిగినా, కాస్త తగ్గినా, ఆ పట్టు యుగాల తరబడి నిలుస్తుంది. అది కంప్యూటర్‌లో తేల్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

సెలవుకు కోవిల్‌పట్టి వెళ్ళాను. నాయిన పళ్ళు లేక కడలై మిట్టాయి అనే పల్లీపట్టీ ముక్కను బుగ్గన నానబెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా చతికిలబడ్డాను.

"నాయినా, ఆపొద్దు నువ్వు అడిగితివే, దానికి బదులు దొరికె. కొంచిం తోస్తే అట్టా ఇట్టా ఊగి మల్లా అదే లెక్కకు వస్తాడు. శానా గట్టిగా తోస్తే మటుకు రాడు."

మిట్టాయి ముక్కను రెండో బుగ్గకు మార్చి శ్రద్ధగా విన్నాడు. కళ్ళు మెరిశాయి. ఇక ఎద్దు సంగతి ఎత్తుతాడని ఆశపడ్డాను.

"రొంబ సందోషమ్మా" అన్నాడు, చాలా సంతోషమని, తమిళంలోనే. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.