శుక్రవారం ఆరని పొయ్యి

నా చిన్నప్పుడు మా ఊరి బడి ఉన్నట్టుండి మూతపడింది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బాటకు కాస్త లోపలికి ఉండేది మా ఊరు. అవి గొడవల రోజులు. ఒక పొద్దున తుపాకులు పట్టుకున్న మనుషులు వచ్చి బడిలోనే మకాం పెట్టారు. సూర్యాపేట నుంచి సైకిల్ మీద వచ్చే పంతులు రావడం మానేశాడు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాళ్లు లేరు. ఊళ్లో నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు, ఎందుకు కూర్చున్నారని ఆ తుపాకుల మనుషులు ఆరా తీసేవాళ్లు. పిల్లలైనా సరే.

మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. మా వంశంలో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. అమ్మ పోరు పడలేక నాన్న సరేనన్నాడు గానీ, ఆయన మనసు అందులో లేదు. బడి మూసిన మర్నాడే తేల్చి చెప్పేశాడు. "బడి తెరిచేనాటికి చెప్పినయన్నీ యాదుంటె పోతది. మరిస్తె జీవాల ఎంట తోలుత. ఇగ మాటల్లేవు." నాకు గొర్రెల మీద కోపమేమీ లేదు. కానీ పలక అంటే ప్రాణం. ఎక్కాలు ఒక్కొక్కటే జారిపోతుంటే భయంతో అన్నం సహించేది కాదు.

పక్కింటి అక్క బెజవాడ వైపు మేనమామ ఇంట్లో ఉండి చదువుకుని వచ్చిన మనిషి. మా బాధ చూసి ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. అప్పట్లో అగ్గిపెట్టెలు దొరకడం కష్టం. పొయ్యి ఆరిపోయిన ఇంటివాళ్లు పిడక పట్టుకుని పక్కింటికి వెళ్లి నిప్పు అడిగి తెచ్చుకునేవాళ్లు. పొద్దున్నే ఒక పిల్ల పిడక పట్టుకుని పోతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. అందుకని మా వాడ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నిప్పు కోసం తన దగ్గరికి రావాలి. నిప్పుతో పాటు ఒక పాఠం తీసుకుపోవాలి. ఇంటికి వెళ్లగానే ఆ పాఠం ఎవరికైనా చెప్పాలి. చెప్పలేకపోతే మర్నాడు కొత్త పాఠం లేదు.

ఈ మాట చెప్పడానికి ఆమె మా ఇంటికి వచ్చింది. "పిన్నీ, రేపటి నుంచి పిల్లను నిప్పుకి పంపించు" అంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి అమ్మ పొయ్యి ఆరి ఎరగదు. రాత్రి పనులయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున ఊది రాజేసేది. ఎవరి గడపకూ నిప్పుకు పోలేదన్నది ఆమెకున్న ఒక్క గొప్ప. "మా పొయ్యి ఆరదు గద బిడ్డా" అంది అమ్మ. అక్క వెళ్లిపోయింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు అమ్మే నన్ను లేపింది. "పొయ్యి ఆరింది. పో, అక్కనడిగి నిప్పు తే" అంది, నా మొహం చూడకుండా. నేను దేవుడు నా మొర విన్నాడనుకుని పరిగెత్తాను.

అప్పటి నుంచి మా పొయ్యి రోజూ ఆరిపోయేది. నాన్నకు పొద్దుటి జొన్న గటక ఆలస్యమై, జీవాలను తోలుకుపోతూ సణిగేవాడు. ఎదురింటి అత్త ఒకసారి వాకిట్లో అందరూ వినేట్టు అడిగింది. "ఏందే, మొగని మీది కోపం పొయ్యి మీద తీస్తున్నవా?" అమ్మ నవ్వి, కట్టెలు పచ్చివి వదినా అని ఊరుకుంది.

నేను తెచ్చిన పాఠం వినేది కూడా అమ్మే. ఊదుగొట్టం పట్టుకుని, పొగకు కళ్లు నలుపుకుంటూ వినేది. వినడమంటే ఊరికే తలాడించడం కాదు. భూమి గుండ్రంగా ఉంటుంది, తిరుగుతుంది అని చెబితే, "మరి పొయ్యి మీది కుండెందుకు పడ్తలేదే?" అని అడిగింది. మర్నాడు అక్కను అడిగితే ఆమె మనసారా నవ్వి, బండిలో కూర్చున్నవాళ్లు బండితో పాటే పోయినట్టు కుండా పొయ్యీ మనమూ భూమితో పాటే పోతున్నామని చెప్పింది. ఆ జవాబు విన్నాక గానీ అమ్మ కుండలో ఎసరు పోయలేదు.

శుక్రవారం మాత్రం ఎవరింట్లోనూ నిప్పు బయటికి ఇవ్వరు, లక్ష్మి వెళ్లిపోతుందని. కనుక ఆ రోజు మా చదువుకు సెలవు. ఒక శుక్రవారం పొద్దున అమ్మ బూడిద తోసి నిప్పులు ఊదుతుంటే పక్కనే కూర్చుని చూస్తున్నాను. నిప్పులు కణకణలాడుతున్నాయి. పోయిన శుక్రవారమూ అంతే. మిగతా రోజులన్నీ ఆరిపోయే పొయ్యి ఈ ఒక్క రోజు ఎందుకు ఆరడం లేదు? చిన్నదాన్నే అయినా అర్థమైంది. జరిగి అమ్మ వీపుకు మొహం ఆనించుకుని ఉండిపోయాను. "లే, పొగొస్తది" అంది.

కొన్నాళ్లకు ఆ మనుషులు వెళ్లిపోయాక బడి తెరిచారు. నాన్న తానే నన్ను తీసుకెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. కొత్త పంతులు ఎక్కాలు అప్పజెప్పించుకున్నాడు. భూమి గురించి అడిగాడు. నేను కుండ సంగతితో సహా, అమ్మకు చెప్పినట్టే చెప్పాను. నాన్న ఇంటికొచ్చి, "పిల్ల ఏం మరువలే. పోనీ బడికి" అన్నాడు. అమ్మ "గట్లనా" అని మాత్రం అంది. ఆ రాత్రి నిప్పుల మీద బూడిద కప్పింది. ఆ తర్వాత ఆమె పొయ్యి మళ్లీ ఆరలేదు.

నేను చదివాను. మిర్యాలగూడలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాను. ఏ పాఠమైనా ఎదురుగా అమ్మ కూర్చుని వింటున్నట్టే చెప్పేదాన్ని. నాన్నతో, ఎదురింటి అత్తతో పడ్డ మాటల సంగతి అమ్మ పోయేదాకా నాతో ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పటికీ పేపర్లో ఏదైనా కొత్త సంగతి చదివితే, లేచి వంటింటి దాకా వెళ్తాను. అక్కడ కోడలు ఉంటుంది. ఏం కావాలత్తయ్యా అంటుంది. నాకు కావలసింది, "మరి గట్లెందుకే?" అని అడిగే మనిషి. ఏమీ లేదమ్మా అని తిరిగి వచ్చేస్తాను.