వాయవ్యపు కిటికీ మీద దుమ్ము

పొద్దున్నే కాఫీ కూడా పెట్టుకోకముందే శేషుకుమారి ఇంట్లో కిటికీ గూళ్ళన్నిటి మీదా ఒకసారి వేలు రాసి చూస్తుంది. ఏ కిటికీ దగ్గర ఎర్ర దుమ్ము ఎక్కువ అంటితే ఆ రోజు గాలి అటునుంచి వస్తుందన్నమాట. ఆస్ట్రేలియా ఎడారి మధ్యలో గనుల చుట్టూ పెరిగిన బ్రోకెన్ హిల్ ఊళ్ళో ఇరవయ్యారేళ్ళుగా ఆమెకు వాతావరణ వార్తలు ఇవే.

ఆ శనివారం వాయవ్యపు కిటికీ దగ్గర వేలు పూర్తిగా ఎర్రబడింది.

"మధ్యాహ్నానికి దుమ్ము లేస్తుందండీ," అంది.

"లేస్తే లేవనీ. నీకు పన్నెండు పేజీలూ కంఠతా వచ్చుగా," అన్నాడు భర్త ద్వారకానాథ్ ఫోన్లోంచి తలెత్తకుండా. "కాకపోతే మధ్యలో ఎవరూ బాత్రూమ్ ఎక్కడని అడక్కూడదు. మళ్ళీ మొదటి పేజీ నుంచి ఎత్తుకుంటావు."

"మీరు రాకండి, చాలు."

ఆమె ఆసుపత్రి ఫార్మసీ నుంచి రిటైరై ఏడాదైంది. అన్నేళ్ళూ ఆ ఊరు ఆమె నోట విన్నది ఒక్కటే వాక్యం: రోజుకు రెండు, తిన్న తర్వాత. ఇప్పుడు పాత పట్టణాన్ని నడిపించి చూపించే గైడ్ల బృందంలో చేరి, మిగతాది కూడా చెప్పాలని ఆమె కోరిక. ఇవాళ పరీక్ష. బృందం పెద్ద లొరైన్ వెంట నడిచి మార్కులు వేస్తుంది. పాసైతే బ్యాడ్జీ, లేకపోతే మళ్ళీ వచ్చే ఏడాదే. అందుకే శేషుకుమారి గుంటూరు కాలేజీ రోజుల్లోలాగే వాళ్ళిచ్చిన పాఠమంతా బట్టీ పట్టింది. ఒక పేరా చివరి మాట పట్టుకుంటేనే తర్వాతి పేరా నోటికొస్తుంది.

పదింటికి పోస్టాఫీసు గడియారం కింద ఊరు చూడవచ్చినవాళ్ళు ఆరుగురు చేరారు. అందులో సిడ్నీ రౌస్ హిల్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి ఒకతి, పేరు నీలిమ. ఇద్దరి చేతుల్లో ఆస్తమా ఇన్‌హేలర్లు కనిపించాయి.

"ముందు గుట్టకి వెళదాం," అంది శేషుకుమారి.

లొరైన్ అట్ట మీది కాగితం తిరగేసింది. "గుట్ట ఆఖర్న కదా, శేషూ. అందరూ ఇక్కడే మొదలుపెడతారు."

"ఆఖర్న వెళితే దుమ్ములో నిలబడాలి. ఈ రాతి గోడల మధ్య ముగిద్దాం."

"ఆకాశం శుభ్రంగా ఉందే. రూటు మారిస్తే మార్కులు పోతాయి మరి."

"పోతే పోనీ," అంది. అంటూనే నడిచింది.

దారిలో నీలిమ వీధి బోర్డులు చూసి నవ్వింది. "ఆంటీ, ఆక్సైడ్, సల్ఫైడ్, క్లోరైడ్... ఇది ఊరా, కెమిస్ట్రీ ల్యాబా?"

"ఇంటర్వ్యూకి వచ్చినరోజు నేనూ అదే అనుకున్నాను తల్లీ. బుద్ధిగా సీసాలు సర్దిపెట్టిన అలమారాలా ఉంది, ఇక్కడైతే తప్పిపోనని ఒప్పేసుకున్నా."

గనిలోంచి తవ్విపోసిన రాయే ఊరి నడుమ గుట్టయింది. దాని మీద, గనుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు వరసగా రాసిన గోడ ఉంది. దాని ముందు నిలబడి శేషుకుమారి నోరు తెరిచింది. పన్నెండో పేజీ రాలేదు. పదకొండు లేకుండా పన్నెండు ఎలా వస్తుంది? లొరైన్ పెన్ను కాగితం మీద ఆపి చూస్తోంది.

గోడ మీది ఇంటిపేర్లు మాత్రం ఆమెకు కొత్త కాదు. అన్నీ తను కౌంటర్లో పిలిచినవే. పాఠం వదిలేసి, మందులు సిద్ధమయ్యాక పిలిచినట్టే ఒక్కో పేరూ పైకి చదివి, ఒక్క క్షణం ఆగింది. ఏ పేరుకూ ఎవరూ రాలేదు.

"పెన్‌హాలో," అంది.

వెనకనుంచి లొరైన్ చెయ్యి లేచింది. బీపీ మాత్రల కోసం ఏళ్ళ తరబడి లేచిన చెయ్యి. వెంటనే దించేసుకుంది.

"మా తాత," అంది మెల్లగా. "గని పైకప్పు కూలి."

"వీళ్ళ మనవల మందులే నేనిచ్చింది," అంది శేషుకుమారి మిగతావాళ్ళతో. "ఎవరి ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. రండి, వాళ్ళు నడిచిన వీధులు చూద్దాం." ఆ పైన తడుముకోలేదు. యూనియన్ హాలు, పాత హోటళ్ళ ఇనప వరండాలు, ఏ నీడన ఎవరు కూచుని మందుల కోసం ఎదురుచూసేవారో కూడా చెప్పింది.

పోస్టాఫీసు దగ్గరకు వచ్చేసరికి వాయవ్యం ఎర్రబడింది. అందరూ లోపలికి దూరేలోగా వీధి కనిపించకుండా పోయింది. లొరైన్ కళ్ళు తుడుచుకుని, కాగితం మీద రూటు అన్నచోట ఒక మార్కు కొట్టేసింది. కింద సంతకం పెట్టింది.

"పన్నెండు పేజీల్లో ఎన్ని చెప్పావు?" అని సాయంత్రం ద్వారకానాథ్ అడిగాడు.

"ఒక్కటీ చెప్పలేదండీ."

ఇప్పుడు శేషుకుమారి నెలకు రెండు శనివారాలు నడక నడిపిస్తోంది. మిగతా గైడ్లు పోస్టాఫీసు దగ్గర మొదలుపెడతారు. ఆమె మాత్రం గుట్ట మీద మొదలుపెడుతుంది.