ఖాళీ కడుపు, మైటోకాండ్రియా

నాకు కోపం ఎక్కువ. శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. అరవకపోతే వెనక బెంచీ వినదు, నెత్తిమీద విమానం పోతుంటే ముందు బెంచీ కూడా వినదు. ఆ అరుపు ఇంటిదాకా వచ్చేసింది. ఇంట్లో దాన్ని భరించేది మా అమ్మాయి ఒక్కతే.

కణం పాఠాన్ని మా పిల్లలకు ఎయిర్‌పోర్టు లెక్కన చెబుతాను. కేంద్రకం కంట్రోల్ టవర్. కణత్వచం సెక్యూరిటీ గేటు, ఎవరిని పడితే వాళ్లను లోపలికి పోనివ్వదు. గాల్జీ సంక్లిష్టం కార్గో, సరుకు మూటకట్టి చీటీ అంటించి పంపేది. "మైటోకాండ్రియా అంటే జనరేటర్ రా. మీరు తిన్న అన్నం, పీల్చిన గాలి కలిపి కరెంటు తీస్తది. అది ఆగితే టవర్ లేదు, గేటు లేదు, ఏం లేదు" అంటాను. సగం మంది పిల్లల తండ్రులు అక్కడే పని చేస్తారు కాబట్టి బాగానే ఎక్కుతుంది.

ఆ ఏడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సాతంరాయిలో మేం కిరాయికుండేది రెండో అంతస్తులో. మెట్లెక్కుతూ ప్రతి మలుపు దగ్గరా కూలబడేది. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోయేవి.

"ఏందే, ముసల్దాని లెక్క? ఫోన్ చూసుడు తగ్గియ్, కాళ్లకు బలమొస్తది" అనేదాన్ని. ఒకసారి కాదు, రోజూ.

"కాళ్లు గుంజుతున్నయ్ మమ్మీ" అనేది. నేను వినలేదు.

బడిలో డ్రిల్లు చేస్తూ పడిపోయాక గానీ దవాఖానకు తీసుకెళ్లలేదు. సిటీలో పెద్ద డాక్టరమ్మ చూసింది. నెత్తురు తీశారు, తొడ నుంచి చిన్న కండ ముక్క తీశారు. "కండరంలో మైటోకాండ్రియా సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానం. రిపోర్టుకు మూడు వారాలు పడుతుంది" అంది. పద్దెనిమిదేళ్లు బోర్డు మీద రాసిన మాట అది. ఆ రోజు దాన్ని డాక్టరమ్మతో చీటీ మీద రాయించుకున్నాను.

ఆ మూడు వారాలు నేను మనిషిని కాను. పిల్ల ముద్ద నములుతుంటే ఎన్నిసార్లు నమిలిందో చూసేదాన్ని. స్నానాల గదిలో కాస్త ఆలస్యమైతే తలుపు బాదేదాన్ని. క్లాసులో చాక్‌పీసు పట్టుకుని ఏం చెబుతున్నానో మరిచిపోయేదాన్ని. మా ఆయన డ్యూటీలో ఉంటే గంటగంటకూ ఫోను చేసి ఏడ్చేదాన్ని.

అప్పుడే తొండుపల్లి నుంచి మా అమ్మ వచ్చింది. "గింత పరేషాన్ ఎందుకు బిడ్డా? శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టిద్దాం. ప్రభువు ఇడిచిపెట్టడు" అంది.

మా చర్చి సంఘంలో ఎవరి కోసం ప్రార్థన పెడితే వాళ్లూ ఉపవాసం ఉండాలి. ముందురోజు రాత్రి భోజనమే ఆఖరు, మళ్లీ మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన ముగిశాకే గంజి. పిల్ల ఆ రాత్రి రెండు ముద్దలు తిని లేచింది. నేనేమన్నా అన్నానా? లేదు. దేవుడి దగ్గర బేరాలాడతామా అనుకున్నాను. చెప్పులతో పాటు నా చదువు కూడా గుడి బయట వదిలేసి లోపలికి పోయాను.

పదకొండు దాటాక పిల్ల నా భుజం మీద వాలింది. ప్రార్థనలో మునిగిందనుకున్నాను. ఒళ్లు చల్లగా ఉంది. ఊపిరి కుక్కపిల్లలా ఎగపోస్తోంది. కేక పెట్టాను. ఆడవాళ్లు ఇంకా గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. "ఆపుండ్రి! ఆటో పిలువుండ్రి!" అని గుడిలోనే అరిచాను.

సిటీ దవాఖానలో డాక్టరమ్మ సెలైన్ పెట్టించి నా వైపు తిరిగింది. ఆమెది కోస్తా మాట.

"ఆఖరుసారి ఎప్పుడు తిందండీ?"

"నిన్న రాత్రి. రెండు ముద్దలు."

"అదేమిటి?"

"ఉపవాస ప్రార్థన."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీరేం చేస్తుంటారు?"

"సైన్సు టీచర్ని" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"తన కణాల్లో అసలే శక్తి సరిగా తయారవదేమోనని చెప్పాను కదండీ. మీరు దానికి అందే తిండి కూడా ఆపేశారు." ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు.

పిల్ల సాయంత్రానికి తేరుకుంది. పై వారం రిపోర్టు వచ్చింది. అనుమానం నిజమే. పూర్తిగా నయం చేసే మందు లేదు. కొన్ని విటమిన్లు వాడాలి, రెండు మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి, జ్వరం వస్తే వెంటనే తీసుకురావాలి, ఎట్టి పరిస్థితిలోనూ ఖాళీ కడుపుతో ఉంచకూడదు. "ఈ రకం జబ్బు తల్లి అండం నుంచే వస్తుంది. తల్లికి బాగానే ఉండొచ్చు, బిడ్డకు చెడ్డ మైటోకాండ్రియా ఎక్కువ పడొచ్చు. మీ వైపు ఎవరికైనా ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ. ఎవరికీ లేదన్నాను. నాకు తెలిసి లేదు మరి.

ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లో ఉంది. పిల్లకు ఉడకబెట్టిన గుడ్డు వలుస్తోంది.

"ఎవరి నుంచి వచ్చిందట బిడ్డా?"

"ఎవరి నుంచీ రాలే. కొందరికి అట్లనే వస్తదట" అన్నాను. డెబ్బై ఏళ్ల మనిషికి నీ నుంచి నాకు, నా నుంచి దీనికి అని ఎలా చెప్పను?

అమ్మ గుడ్డు వలవడం ఆపింది. "నాకొక చెల్లె ఉండె. నీకెన్నడూ చెప్పలే" అంది. "నాట్లకు పోతే గట్టు మీదనే కూసునేది. కండ్లు గిట్లనే వాలిపోయేటియి. దొంగ ఏషాలేస్తున్నదని ఎంటికలు వట్టి గుంజేదాన్ని. ఓసారి జరం వచ్చింది. లంఖణం పెడితే తగ్గుతదని పెద్దోళ్లు అన్నరు. మూడు దినాలు ఉత్త నీళ్లే తాపినం."

"ఇగ చాలమ్మా" అన్నాను.

"అన్నం అడిగింది బిడ్డా. కుండల ఉండె. నేనే పెట్టలే."