కిటికీ గూట్లో పట్టే కంప్యూటరు

డోన్యా తెయోదోరా నా సలహా తీసుకుని కంప్యూటరు కొన్నదని మా వీధిలో అందరూ అనుకుంటారు. నేను వెళ్లింది మూటలు మొయ్యడానికి. ఏది ముందు కొనాలో, ఎవరి దగ్గర కొనాలో ఆమె ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరింది. నా దృష్టిలో అన్నీ తప్పుగానే తేల్చుకుంది.

ఆమెకి యాభై ఎనిమిదేళ్లు. వయసుకిచ్చే గౌరవంగా అందరూ ‘డోన్యా’ అంటారు, అమ్మగారూ అన్నట్టు. బొలీవియాలో కొండమీది మా ఊరు ఎల్ ఆల్తోలో లైసెన్సుల ఆఫీసుకి ఎదురుగా ఒక అద్దె గది, ఆ గదికి వీధివైపు కిటికీ, కిటికీ గూట్లో టైపు మిషను. ఇరవై ఆరేళ్లుగా జనం దరఖాస్తులు కొట్టిపెట్టి బతికింది. పదహారేళ్లప్పుడు సరస్సు వైపు పల్లె నుంచి వచ్చి ఒక ప్లీడరు ఇంట్లో వంటపనికి కుదిరిందట. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, మూలన పారేసిన మిషను మీద తువ్వాలు కప్పి, చప్పుడు బయటికి రాకుండా టైపు నేర్చుకుంది. అలా నేర్చుకోవడం వల్ల మీటల వైపు చూడటమే ఆమెకి అలవాటు కాలేదు. పది వేళ్లూ కింద పరుగెడుతుంటే కళ్లు ఎదుటి మనిషి మొహం మీద ఉంటాయి. చిరునామా తప్పు చెప్పేవాణ్ని మొహం చూసే పట్టుకుంటుంది. “మళ్లీ చెప్పు, ఈసారి నువ్వుండే ఇంటిది చెప్పు,” అంటుంది.

ఆ నెల మొదట్లో ఆఫీసు గోడకి ఒక నోటీసు అంటించారు. సోమవారం నుంచి కాగితం మీద కొట్టిన దరఖాస్తులు తీసుకోరు, అన్నీ కంప్యూటరులో నింపి పంపాలి. మూలమీది జెరాక్సు షాపువాడు మర్నాటికే ‘కంప్యూటరు దరఖాస్తులు ఇక్కడ’ అని బోర్డు రాయించాడు. డోన్యా కిటికీ ముందు వరసలో నిలబడ్డవాళ్లే ఆ బోర్డు పైకి చదువుకున్నారు. సోమవారం ఈ కిటికీ మూసి ఉంటే జనం అటు వెళ్తారు. ఒకసారి అలవాటు పడ్డాక మంగళవారం తెరిచినా ఒకటే, తెరవకపోయినా ఒకటే.

నేను అదే వాకిట్లో వెనక గదిలో ఉంటాను. సంతలో చచ్చిపోయిన కంప్యూటర్లు కొని బతికించి అమ్ముతాను కాబట్టి ఆమె నా తలుపు కొట్టింది. పళ్ల సెట్టు కట్టించుకోడానికి దాచుకున్న రెండువేల రెండొందల బొలీవియానోలు ఉన్నాయంది. గూట్లో పట్టాలంది. ఇంటి టీవీనే తెరగా వాడుకోవచ్చు. నేను ఒక పూట కూచుని జాబితా రాసిచ్చాను: ప్రాసెసరు, బోర్డు, మెమరీ, డిస్కు, పెట్టె, అన్నిటికంటే చివర కీబోర్డు, ఏదో ఒకటి, నలభై. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివి కాగితాన్ని తలకిందులుగా తిప్పింది.

“కింది నుంచి కొనుక్కొద్దాం,” అంది.

గురువారం ‘జూలై పదహారు’ అని పేరున్న సంతకి వెళ్లాం, గురువారాలూ ఆదివారాలూ జరిగేది. బస్సు సీట్ల నుంచి బతికున్న కోళ్ల దాకా అన్నీ దొరికే సంత అది. కంప్యూటరు సామాన్ల వరసలోనే నలభై కొట్లుంటాయి. ఆమె తిన్నగా నీలం టార్పాలిను కిందికి నడిచింది. అది నియెవెస్ కొట్టు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ‘కసెరీతా’ అని పిలుచుకుంటారు. వాడుక కొట్టుమనిషికీ వాడుక బేరానికీ ఇక్కడ అదే పిలుపు.

“రండి కసెరీతా, చిక్కిపోయారు.”

“పళ్లు లేకపోతే చిక్కరా. కీబోర్డులు చూపించు.”

నియెవెస్ ఒకటి ముందుకి తోసింది. డోన్యా గాల్లోకి చూస్తూ నాలుగు వరసలూ కొట్టింది.

“ఇది నానిన రొట్టె.”

రెండోదాని మీద వేళ్లు ఆన్చి తీసేసింది. మూడోదాన్ని కాసేపు కొట్టింది.

“బానే ఉంది గానీ అబద్ధాలాడుతోంది.”

“కీబోర్డు అబద్ధం ఎలా ఆడుతుంది డోన్యా?” అన్నాను.

“నేను నొక్కకముందే నొక్కేశానంటోంది.”

అలా ఎనిమిది అయ్యాయి. నా వెనక జనం తోసుకుంటున్నారు, నెత్తిన ఎండ. తొమ్మిదోది మూతపడ్డ ఏదో ఆటల దుకాణం నుంచి వచ్చిన సరుకు, ఇటికలా బరువు, ప్రతి మీటకీ విడివిడిగా స్ప్రింగు. ఆమె దాని మీద ఎవరిదో దరఖాస్తు మొత్తం కొట్టేసింది, తీగ ఎక్కడా తగిలించకుండానే. నియెవెస్ మూడొందల ఎనభై అంది.

“డోన్యా, ఈ డబ్బుతో మంచి డిస్కు వస్తుంది. కంప్యూటరు అర నిమిషంలో లేస్తుంది. పాత తిరుగుడు డిస్కయితే నాలుగు నిమిషాలు.”

“రోజుకి ఎన్నిసార్లు లేపుతాం?”

“ఒకసారి.”

“నేను కొట్టేది?”

కీబోర్డు నా చేతిలోకి వచ్చింది. పాత డిస్కు కూడా వచ్చింది.

నాలుగు కొట్ల అవతల ఒకడు మెరుగైన ప్రాసెసరు, బోర్డు కలిపి నూటయాభై తక్కువకి అమ్ముతున్నాడు. వచ్చేటప్పుడే చూశాను. అటు ఒక అడుగు వేశానో లేదో ఆమె నా స్వెటరు పట్టుకుంది.

“అటు చూడకు. నియెవెస్ చూస్తోంది.”

“చూస్తే ఏమవుతుంది?”

“వాళ్లమ్మ ఇక్కడే కూచుని నాకు పదిహేనేళ్లు రిబ్బన్లు అమ్మింది. ఒక్కటి కూడా ఎండిపోయింది ఇవ్వలేదు.”

“ఆవిడ అమ్మింది రిబ్బన్లు. ఇది ప్రాసెసరు.”

“అమ్మేది వాళ్ల పిల్లే కదా.”

నేను వెనక్కి తిరిగి నీలం టార్పాలిను కిందికే వచ్చాను.

తర్వాత పెట్టె. ఆమె గౌను మడతలోంచి మూడు ముళ్లు వేసిన దారం తీసింది. ఒక ముడి దాకా గూటి వెడల్పు, ఇంకో ముడి దాకా లోతు, మూడోది ఎత్తు, ఎందుకంటే గూట్లో పై అరమీద కన్యమేరీ పటం ఉంది, దాన్ని కదపడానికి వీల్లేదు. కొట్లో ఉన్న ప్రతి పెట్టెకీ దారం పట్టి చూసింది. రెండే పాసయ్యాయి. ఒకదానికి పైన జల్లెడలాంటి మూత, దాని కింద ఫ్యాను. రెండోది పాత ఇనప పెట్టె, పైభాగం పూర్తిగా మూసి, పక్కల్లో మాత్రం సన్నటి చీలికలు.

“జల్లెడది తీసుకుందాం,” అన్నాను. “మనమున్నది నాలుగు వేల మీటర్ల ఎత్తులో. ఇక్కడి గాలి పల్చన, ఎంత ఫ్యాను పెట్టినా వేడి సరిగ్గా పోదు. పైనుంచి దారి ఉండాలి.”

“అబ్బాయి కరెక్టుగా చెప్తున్నాడు,” అంది నియెవెస్. ఆ పెట్టె యాభై ఎక్కువ.

డోన్యా జల్లెడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. “దీనికి నెత్తిన చిల్లులు. చాల్యా ఎలా చేస్తాం?”

ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా నేలతల్లికి కాస్త పోసి, వస్తువు మీద సారా చిలకరించి, బీరు పోసి, రంగు కాగితాలు వెయ్యడం చాల్యా. లారీకి చేస్తారు, కుట్టుమిషనుకి చేస్తారు. కంప్యూటరుకి కూడా చేస్తారని నాకు ముందే తట్టాల్సింది.

“పక్కన పోసేద్దాం డోన్యా.”

“ఇంటికొచ్చిన చుట్టానికి తాగడానికిచ్చి పక్కన పోస్తావా?”

“చుట్టానికి కరెంటు ఉండదు.”

“నీకు చుట్టాలు తక్కువ, అందుకని తెలీదు.”

మూసిన పెట్టే కొన్నాం. మూసిన పెట్టెలో నేను రాసిన ప్రాసెసరు ఉడికిపోతుంది, కాబట్టి చల్లగా ఉండే చిన్నది వెతకాల్సి వచ్చింది. నియెవెస్ సొరుగు అడుగు నుంచి ఒకటి తీసింది.

“ఇది మా అల్లుడి లాంటిది. వేడెక్కదు, పెద్దగా పనీ చెయ్యదు.”

“అదే ఇవ్వు,” అంది డోన్యా.

చివరికి ఆమె కొసరు అడిగింది. నియెవెస్ గుప్పెడు మరలు, ప్రాసెసరు మీద రాసే పేస్టు పొట్లం ఇచ్చింది. డోన్యా చాలదన్నట్టు నిలబడింది.

“కొసరు కింద నువ్వే రా. రేపు శుక్రవారం, మంచిరోజు. దీనికి జ్ఞానమాతవి నువ్వే.”

బిడ్డ జ్ఞానస్నానంలో రెండో తల్లిగా నిలబడమన్నంత మాట అది, ఇకనుంచి ఇద్దరూ ఒకరికొకరు ‘కొమాద్రే’, వియ్యపురాళ్లంత దగ్గర. నియెవెస్ కళ్లు తుడుచుకుంది. నేను మూటలు ఎత్తుకున్నాను.

శుక్రవారం పొద్దున బిగించాను. ఒప్పుకోవాలి, మొదటిసారికే లేచింది. నాలుగు నిమిషాలు పట్టిందనుకోండి, లేచింది. టీవీలో బొమ్మ వచ్చింది, ఆఫీసువాళ్ల పేజీ తెరుచుకుంది. గూట్లో అటూ ఇటూ రెండు వేళ్ల సందు మిగిలింది. మధ్యాహ్నానికి తీగలన్నీ పీకి, చాల్యా కోసం పెట్టెను బల్ల మీద పెట్టాను. కీబోర్డును మాత్రం డోన్యా తన రంగుల దుప్పటిలో చుట్టి మంచం మీద దాచింది.

“దానికి చాల్యా అక్కర్లేదా?” అన్నాను.

“అది నాది. దానికి చెయ్యడానికి నేనున్నాను.”

నియెవెస్ టోపీ పెట్టుకుని, జరీ శాలువా కప్పుకుని, రెండు బీరు సీసాలతో వచ్చింది. డోన్యా నేల మీద నాలుగు చుక్కలు పోసింది. పెట్టె నాలుగు మూలలా సారా చిలకరించింది. లోపలికి ఒక్క చుక్క పోలేదు, తుడిస్తే పోయింది. నాకు ఆ క్షణంలో ఆమె మీద గౌరవం కలిగింది. సరిగ్గా అప్పుడే నియెవెస్ సీసా మూత తీసి, మూతికి బొటనవేలు అడ్డంపెట్టి గలగలా ఊపింది. వాళ్లాయనకి లారీలున్నాయి. ఆవిడకి తెలిసిన చాల్యా లారీలకి చేసేదే. నేను “వద్దొద్దు” అనేలోపు నురగ అడ్డంగా దూసుకొచ్చి పక్క చీలికల్లోంచి లోపలికి పోయింది. పెట్టెలో ఎక్కడో టప్ టప్ మని చుక్కలు పడటం ముగ్గురం విన్నాం.

“బాగా తాగింది,” అంది నియెవెస్. “మంచి శకునం కొమాద్రే.”

“మంచిదే,” అన్నాను. “ఇక పని చెయ్యక్కర్లేదు దానికి.”

డోన్యా జ్ఞానమాతకి ‘ఆపి’, అంటే మొక్కజొన్నతో కాచే వేడి పానీయం ఇచ్చి, పిండివంట పెట్టి, వీధి మలుపు దాకా సాగనంపి వచ్చింది. వచ్చాక బీరు కారుతున్న పెట్టె ముందు కూచుంది. పైభాగం మూసి ఉంటే చాలనుకున్న మనిషి ఆమె, పక్కల్లో చీలికలున్నాయని తెలిసీ హెచ్చరించని మనిషిని నేను.

“ఏం చేస్తే బాగవుతుంది?” అంది.

“ఎండితే బీరులో చక్కెర అతుక్కుపోతుంది. కడగాలి. స్వచ్ఛమైన సారాతో.”

చాల్యాకి తెచ్చిన డబ్బాలో ముప్పావు వంతు మిగిలింది. శనివారం పొద్దున్నే డాబా ఎక్కాం. నేను మరలు విప్పి ఒక్కో భాగం ఇస్తుంటే, ఆమె కోడి ఈకతో, పళ్ల బ్రష్షుతో కడిగింది. టైపు మిషను ప్రతి ఏడూ అలాగే కడిగేదట. ప్రాసెసరు సాకెట్టును నేను కడగబోతే, “జరుగు,” అని తనే ఈక కొసతో తుడిచింది. అక్కడి సన్నటి తీగల్లో ఒక్కటి వంగితే పని అయిపోయినట్టే అని చెప్పాను.

“టైపు మిషను అక్షరాల కడ్డీలు ఇంతకంటే సన్నం,” అంది. అబద్ధం.

కడిగినవన్నీ తెల్లగుడ్డ మీద పరిచి, గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్లు పెట్టాం. మా ఎండ చర్మాన్ని కాలుస్తుంది, గాలి తడిని బతకనివ్వదు. ఈ ఊరి గాలి ఒక కంప్యూటరుకి మేలు చెయ్యడం మొదటిసారి చూశాను. ఆమె పక్కన కూచుని పెదాలు లోపలికి మడుచుకుంది.

“సోమవారానికి లేవదనుకుంటే ఇప్పుడే చెప్పు అబ్బాయ్.”

“చెప్తే ఏం చేస్తారు?”

“పళ్లూ లేవు, డబ్బూ లేదు. మళ్లీ ఎవరో ఒకరి వంటింటికి పోతాను. ఈ వయసులో ఎవరు పెట్టుకుంటారో కనుక్కోవాలి కదా, దానికి టైం పడుతుంది.”

చాలా మామూలుగా అంది. నేను లేస్తుందన్నాను. నాకు తెలియదు.

ఆదివారం మళ్లీ బిగించాను. ఫ్యాను తిరిగింది, తెర నల్లగా ఉంది. విప్పి బిగించాను, అదే నలుపు. మూడోసారి రెండు మెమరీ ముక్కల్లో ఒకటి తీసేసి చూశాను, నలుపు. దాన్ని పెట్టి రెండోది తీసేశాను. బొమ్మ వచ్చింది. అంటే ఒక ముక్క పోయింది, ఉన్న మెమరీలో సగం మిగిలింది. సంతకి పరుగెత్తాను. ఆ రకం ముక్క మళ్లీ గురువారమే వస్తుందంది నియెవెస్, నా మొహం చూడకుండా, కొమాద్రేకి ఇమ్మని గిన్నెడు ఫ్రికాసే కట్టి చేతికిచ్చింది. మెమరీ అడిగితే పంది కూర. తీసుకొచ్చాను, ఏం చేస్తాను.

సోమవారం ఎనిమిదిన్నరకి కిటికీ తెరిచింది. మూలమీది షాపు ముందు అప్పటికే పదిమంది. మా కిటికీ దగ్గర ఒకావిడ, ‘ఆపి’ అమ్మే బండికి లైసెన్సు కావాలట. కంప్యూటరు లేచింది గానీ, సగం మెమరీతో ఆఫీసు పేజీ తెరుచుకోడానికి తెర మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోతోంది. ఇది ముందే చెప్పాను, అన్నీ ముందే చెప్పాను.

డోన్యా తెర వైపు చూడనే లేదు. ఆవిణ్ణే చూస్తూ పేరు, గుర్తింపు నంబరు, పుట్టిన ఊరు, బండి ఎక్కడ పెడతారు, రోడ్డుకి ఏ వైపు, పొగ పక్కింటికి పోదా, అన్నీ అడిగింది. ఒక్కటీ రాసుకోలేదు. చక్రం ఆగింది. పదివేళ్లూ దిగాయి. పేజీ కింది దాకా ఒకే ఊపులో నిండిపోయింది. నేను ఒక్కో గడీ సరిచూశాను, తప్పు దొరకలేదు. నొక్కింది. దరఖాస్తు నంబరు వచ్చింది.

“ఇది రాసుకో తల్లీ. జాగ్రత్త.”

ఆవిడ నంబరు రాసుకున్న కాగితం పట్టుకుని రోడ్డు దాటుతుంటే అవతలి వరసలోవాళ్లు చూశారు. అక్కడ షాపువాడు రెండు వేళ్లతో మీటలు వెతుక్కుంటున్నాడు. పదకొండింటికి మా కిటికీ ముందు తొమ్మిదిమంది ఉన్నారు.

నేను తెర మూలన ప్రాసెసరు వేడి కనపడేలా ఒక అంకె పెట్టాను. డెబ్బై ఎనిమిది డిగ్రీలు. చల్లగా ఉంటుందన్న ప్రాసెసరు అది. జల్లెడ పెట్టె అయితే అరవై దాటేది కాదని ఆమెకి చెప్పాను.

“ఆ అంకె తీసెయ్,” అంది. “చూసి జనం భయపడుతున్నారు.”

“చూడకపోతే మీకెలా తెలుస్తుంది?”

ఆమె కొడుతూ కొడుతూనే ఎడమ చెయ్యి తీసి పెట్టె మీద పెట్టి, తీసింది.

“తెలిసింది. పక్కకి జరుగు అబ్బాయ్, వెలుతురుకి అడ్డం. నీక్కూడా లైసెన్సు కావాలంటే వెళ్లి చివర నిలబడు.”