పెద్దక్క నేర్చుకున్న పనులు

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. అక్కడ ఆవిడంత శిక్షణ పొందిన మనిషి ఇంకొకరు లేరు. ఆర్డర్లు తగ్గి మిషన్లు ఖాళీగా పడున్నప్పుడల్లా మేనేజరుకు కార్మికుల భవిష్యత్తు మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొచ్చేది, వాళ్ళను శిక్షణకు కూర్చోబెట్టేవాడు. శిక్షణ ఇచ్చినందుకు మనిషికింత అని ప్రభుత్వం ఫ్యాక్టరీకి డబ్బిస్తుంది. దానికీ తన బెంగకీ ఏ సంబంధమూ లేదని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

అలా పెద్దక్క పై అంతస్తులో, కిర్రుమనే ఫ్యాను కింద కూర్చుని జేబులు, కత్తిరింపు, చివరికి సూపర్‌వైజరు పని కూడా నేర్చేసుకుంది. ఆర్డర్లు రాగానే మళ్ళీ కాలర్ల దగ్గరికే దిగివచ్చేది. ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"సార్, ఇన్ని నేర్చుకున్నాను కదా, మరి జీతం సంగతి?"

"అది నా చేతుల్లో ఉందా అమ్మా? మార్కెట్ చేతుల్లో ఉంది."

ఆ మార్కెట్ అనే పెద్దమనిషి ఏ వీధిలో ఉంటాడో పెద్దక్కకు తెలియలేదు. జీతం పెంచమన్నప్పుడల్లా ఊళ్ళో ఉండడని మాత్రం అర్థమైంది.

ఇంతలో రోడ్డుకు అవతల ఇంకో చొక్కాల ఫ్యాక్టరీ తెరిచారు. కాలర్లు కుట్టేవాళ్ళకు ఎక్కువిస్తామన్నారు. ఇక్కడివాళ్ళు సగంమంది వారం తిరక్కుండానే రోడ్డు దాటేశారు. మేనేజరు పెద్దక్కను తన గదిలోకి పిలిచి, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. ఇన్నేళ్ళలో ఆమెకు ఆ గదిలో కూర్చునే యోగం పట్టడం అదే మొదలు.

"నువ్వు మా ఇంటి మనిషివి. ఇవాళ్టినుంచి సూపర్‌వైజరువి. జీతం గురించి నెమ్మదిగా చూద్దాం."

పారబోయడం ఎందుకని పెద్దక్క టీ మొత్తం తాగింది.

"మార్కెట్ గారు ఎదురుగానే దిగారట సార్. ఓసారి కలిసొస్తాను," అని లేచింది.

మళ్ళీ రాలేదు. అక్కడ సూపర్‌వైజరు ఉద్యోగమూ ఇచ్చారు, దానికి తగ్గ జీతమూ ఇచ్చారు. ఎవరినీ గదమాయించడం చేతకాక మొదట్లో కొంచెం అవస్థపడింది, అంతే.

ఇక్కడ మేనేజరు మనసు విరిగిపోయింది. నేర్పిస్తే ఎగిరిపోతున్నారని శిక్షణలన్నీ ఎత్తేశాడు. ఆపైన, పని వచ్చినవాళ్ళే దొరకడం లేదని కనబడ్డవాళ్ళందరి దగ్గరా వాపోయాడు.

అతని దగ్గర గుండీలు కుడుతూ మిగిలిపోయినవాళ్ళలో పెద్దక్క తోటికోడలు ఒకతి. ఈమధ్యే చేరడంతో ఆమెకు ఏ శిక్షణా అందలేదు; గుండీలు తప్ప ఇంకేమీ రావని ఎదుటి ఫ్యాక్టరీవాళ్ళు తీసుకోలేదు. ఓ ఆదివారం పెద్దక్క ఆమెను ఇంట్లో మిషను ముందు కూర్చోబెట్టింది.

"చూడు, గుడ్డ ఇలా మడిచి..."

"కాలరు తర్వాత నేర్పుదువుగానీ అక్కా. జీతం ఎలా అడగాలో ముందది నేర్పు."

పెద్దక్క గుడ్డ పక్కన పెట్టేసింది.

"సరే, నేనే మేనేజర్ని అనుకో. అడుగు."